అధికార స్వరానికి తలవంచే అలవాటు: 'డిజిటల్ అరెస్టు' వెనుక మనస్తత్వం

మన దేశ చట్టాలలో ఎక్కడా లేని ఒక 'అరెస్టు' గత కొన్నేళ్లుగా వేలాది కుటుంబాలను దోచుకుంటున్నది. దానికి పోలీసు జీపు అక్కరలేదు, సంకెళ్లు అక్కరలేదు, ఠాణా అక్కరలేదు. చేతిలోని ఫోను చాలు. 'డిజిటల్ అరెస్టు' అని దానికి పేరు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ 'మన్ కీ బాత్' ప్రసంగంలో ఈ మోసాన్ని ప్రస్తావించారు. కర్ణాటకకు చెందిన ఒక వ్యక్తికి వచ్చిన మోసపు ఫోను సంభాషణను దేశమంతటికీ వినిపించి, చట్టంలో ఇటువంటి అరెస్టు లేనే లేదని స్పష్టం చేశారు. ఆగండి, ఆలోచించండి, ఆ తరువాతనే చర్య తీసుకోండి అని సూచించారు. ఆ ఏడాది చివరి నుండి కొన్ని నెలలపాటు ఎవరికి ఫోను చేసినా ముందుగా సైబర్ మోసాల హెచ్చరికే వినిపించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. విసుగు పుట్టేటంతగా విన్నాము.

అయినా మోసాలు ఆగలేదు. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు కోటి రూపాయలకు పైగా పోగొట్టుకుని మొరపెట్టుకొనగా, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది. వారికి చూపిన కాగితాలలో సాక్షాత్తూ సుప్రీంకోర్టు పేరిట సృష్టించిన దొంగ ఉత్తర్వులు ఉన్నాయి. 2025 డిసెంబరు 1న ఈ నేరాల దర్యాప్తును దేశవ్యాప్తంగా సీబీఐకి అప్పగిస్తూ న్యాయస్థానం ఆదేశించింది. అన్ని రకాల సైబర్ మోసాలలో కలిపి 2023లో ప్రజలు పోగొట్టుకున్నది సుమారు 7,465 కోట్ల రూపాయలు కాగా, 2024లో అది సుమారు 22,845 కోట్లకు చేరినట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు.

ఇన్ని హెచ్చరికలు విన్నవారే ఎందుకు మోసపోతున్నారన్నది అసలు ప్రశ్న. 'చదువు లేక', 'తెలివి లేక', 'ఆశకు పోయి' అని మనం రచ్చబండ దగ్గర తేలికగా తేల్చివేస్తుంటాము. ఈ తీర్పు వాస్తవానికి నిలవదు. 2024 ఆగస్టులో లుధియానాకు చెందిన వర్ధమాన్ పారిశ్రామిక సంస్థల అధినేత, పద్మభూషణ్ పురస్కార గ్రహీత ఎస్.పి. ఓస్వాల్ తమ 82వ ఏట ఇదే మోసానికి 7 కోట్ల రూపాయలు కోల్పోయారు. వేలాది మందికి ఉపాధి కల్పించిన వ్యక్తి ఆయన. లెక్క తెలియనివారు కారు, లోకం చూడనివారు కారు. సీబీఐ అధికారులమని చెప్పుకున్న వంచకులు ఆయనను రెండు రోజులపాటు వీడియో నిఘాలో ఉంచారు. నిద్రించే వేళ సైతం కెమెరా ఆపవద్దన్నారు. చివరకు తెర మీద ఒక దొంగ న్యాయస్థానాన్నే నడిపి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి పేరిట ఉత్తర్వులు ఇప్పించారు. తరువాత ఆయన సంకోచించకుండా పోలీసులకు ఫిర్యాదు చేసి, జరిగినదంతా లోకానికి బాహాటంగా చెప్పారు. 5 కోట్లకు పైగా సొమ్ము తిరిగి దక్కింది. ఇంతటివారే చిక్కుకున్నప్పుడు తెలివిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. మోసగాడు చేయి పెట్టే చోటు వేరే ఉన్నది.

ఈ మోసం నడిచే క్రమాన్ని కొంచెం నిదానంగా పరిశీలించాలి. మొదటి ఫోను సామాన్యంగానే ఉంటుంది. మీ పేరిట వచ్చిన పార్శిలులో మాదకద్రవ్యాలు దొరికాయనో, మీ ఆధారు మీద తీసుకున్న సిమ్ముతో నేరం జరిగిందనో ఒక గొంతు చెబుతుంది. నాకు సంబంధం లేదు అని మీరు అనగానే, 'అయితే మీరే ఫిర్యాదు చేయండి, పోలీసులకు కలుపుతాను' అని ఎంతో సహాయం చేస్తున్నట్లుగా మాట్లాడుతుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. రెండవ గొంతు దగ్గరకు మనం అడిగి వెళ్లినట్లే అవుతుంది. తరువాత యూనిఫాం, గోడమీద మూడు సింహాల ముద్ర, వెనుక వైర్‌లెస్ సెట్టు మోతలు. పెద్ద అధికారి గద్దిస్తాడు, చిన్న అధికారి ఓదారుస్తాడు. 'మిమ్మల్ని చూస్తే మంచివారిలా ఉన్నారు, పెద్దాయనతో నేను మాట్లాడతాను' అనే ఆ ఓదార్పు మాటకే ఎక్కువ మంది లొంగిపోతారని నా అభిప్రాయం. భయపెట్టినవాడిని అనుమానించవచ్చు; భయంలో ఉన్నప్పుడు చేయి పట్టుకున్నవాడిని అనుమానించడం కష్టం.

ఆ తరువాత వచ్చేది అసలు మెలిక. 'ఇది దేశభద్రతకు సంబంధించిన రహస్య విచారణ. ఇంట్లో ఎవరికీ చెప్పరాదు. చెబితే వారిని కూడా కేసులో చేర్చవలసి వస్తుంది. గది తలుపు వేసుకోండి. కెమెరా ముందు నుండి లేవవద్దు.' ఇక చివరి మెట్టు: మీ డబ్బు సక్రమమైనదా కాదా అని రిజర్వు బ్యాంకు పరిశీలించాలి కనుక ఫలానా ఖాతాకు పంపండి, పరిశీలన కాగానే తిరిగి వస్తుంది. అప్పటికి ఆ మనిషి గంటల తరబడి నిద్ర లేక, అన్నం లేక, ఒంటరిగా ఉంటాడు. చీకట్లో తాడును పామనుకున్నవాడికి దీపం తెచ్చేవారు కావాలి. ఆ దీపం గదిలోకి రాకుండా తలుపు వేయించడమే ఈ వంచనలోని కిటుకు.

మనుషులు అధికారానికి ఎంతవరకు లొంగుతారన్న విషయంపై అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో ప్రయోగాలు ప్రారంభించాడు. ఉపాధ్యాయ శిక్షణలో మనోవిజ్ఞానం చదువుకున్నవారికి ఈ పేరు పరిచితమే. పక్క గదిలోని వ్యక్తి తప్పు సమాధానం చెప్పినప్పుడల్లా అతనికి విద్యుత్ షాకు ఇవ్వవలసిందిగా ఒక పరిశోధకుడు సామాన్యులైన మనుషులను ఆదేశిస్తాడు. షాకులు నిజమైనవి కావు; కానీ ఇస్తున్నవారికి ఆ సంగతి తెలియదు. నలభై మందిలో 26 మంది, చెమటలు కక్కుతూ, ఆపేద్దామని వేడుకొంటూనే, చిట్టచివరి 450 వోల్టుల మీట వరకు వెళ్లారు. వారు క్రూరులు కారు. గంభీరంగా, నమ్మకంగా కనిపించిన ఒక అధికార స్వరాన్ని కాదనలేకపోయారు, అంతే.

ఈ ప్రయోగం గురించి చెప్పేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. మనకు పనికివచ్చేది ఆ తరువాతి భాగం. పరిశోధకుడు గదిలో లేకుండా టెలిఫోనులో మాత్రమే ఆదేశాలు ఇచ్చినప్పుడు, చివరివరకు లోబడినవారు సుమారు ఐదింట ఒక వంతుకు పడిపోయారు. పక్కన కూర్చున్న మరి ఇద్దరు 'మేము చేయము' అని లేచిపోయినప్పుడైతే నలభై మందిలో నలుగురే చివరివరకు వెళ్లారు.

ఈ రెండు ఫలితాలనూ నేటి మోసం పక్కన పెట్టి చూడండి. ఉత్త గొంతుకు బలం తక్కువ. అందుకే వంచకుడు వీడియోకు రమ్మంటాడు, యూనిఫాం తొడుగుతాడు, కెమెరా ఆపనివ్వడు. పక్కన ఒక్కరు కాదన్నా ఆదేశం వీగిపోతుంది. అందుకే ఎవరికీ చెప్పవద్దంటాడు. అరవై ఏళ్ల నాటి ఆ పరిశోధనను వాడు చదివి ఉండడు. అనుభవంతో అదే సత్యాన్ని పట్టుకున్నాడు.

ఇక మన సరిహద్దు పల్లెల సంగతికి వద్దాము. పెద్ద మొత్తాల డిజిటల్ అరెస్టులు ఎక్కువగా నగరాలలోని విశ్రాంత ఉద్యోగుల ఇళ్లలో వినవస్తున్నాయి. పల్లెలకు అదే వల చిన్న కన్నులతో వస్తున్నది. ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ ఇంటి కరెంటు తీసివేస్తాము, కేవైసీ లేనందున మీ ఖాతా నిలిపివేశాము, పీఎం కిసాన్ సొమ్ము రావాలంటే ఈ లింకు నొక్కండి, మీ బండికి చలానా పడింది ఈ ఫైలు తెరవండి - అన్నీ ఆ కోవలోనివే. అన్నిటిలోనూ ఉన్నది ఒకే మందు: ఒక కార్యాలయం పేరు, ఒక గడువు, ఒక బెదిరింపు. పల్లెలో డబ్బు లేదనుకోవడానికీ లేదు. పావగడ తాలూకాలోని తిరుమణి పరిసర గ్రామాలలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కుకు భూములిచ్చిన రైతులకు ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలైన కౌలు బ్యాంకు ఖాతాలలోనే జమ అవుతున్నది. ధాన్యం గాదెలో ఉన్న కాలంలో దొంగ గోడ దూకి రావలసి వచ్చేది.

మన ప్రాంతాలకు ప్రత్యేకమైన ఒక బలహీనత ఉన్నది. దాని గురించి ఎవరూ మాట్లాడరు కనుకనే ఇంత వివరంగా రాయవలసి వస్తున్నది. మన ఇంటి భాష తెలుగు. ఇంటి బయట మన మీద అధికారం చెలాయించే భాష తెలుగు కాదు. పావగడలో పహణీ కన్నడంలో వస్తుంది. హోసూరులో పట్టా తమిళంలో వస్తుంది. పర్లాకిమిడిలో, రాయగడలో నోటీసు ఒడియాలో వస్తుంది. సిరొంచలో మరాఠీలో వస్తుంది. యానాంలో భాష తెలుగే అయినా ఉత్తర్వు పుదుచ్చేరి నుండి రావాలి. వీటన్నిటి పైన బ్యాంకు కాగితం ఇంగ్లీషులో, ఫోనులోని గొంతు హిందీలో. అర్థం పూర్తిగా తెలియని కాగితం మీద, 'ఇక్కడ సంతకం పెట్టు' అన్నచోట సంతకం పెట్టడం మన పెద్దలు తరతరాలుగా నేర్చుకున్న విద్య. ఎదురు ప్రశ్న వేస్తే 'అంతా రాసి ఉంది, చదువుకో' అన్న జవాబు వస్తుంది. చదవలేము. కనుక తలూపుతాము. బడికి పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులు కొంగు ముడిలోనుండి, చొక్కా జేబులోనుండి ఒక కవరు తీసి 'ఇందులో ఏముందో చూడండి సార్' అని అడగడం నాకు నిత్యానుభవం. పది కవర్లలో తొమ్మిది మామూలు సమాచారమే. కానీ ఆ తొమ్మిదింటినీ కూడా వారు భయంతోనే పట్టుకొని వస్తారు. సగం తెలిసిన భాషలో మిగిలిన సగాన్ని భయమే పూరిస్తుంది.

ఇటువంటి మనసుకు ఒక హిందీ గొంతు 'ముంబయి క్రైం బ్రాంచి' అన్నప్పుడు అది అబద్ధంగా తోచకపోవడంలో వింత లేదు. నిజమైన కార్యాలయాలు కూడా దాదాపు అలాగే మాట్లాడాయి కదా! వంచకుడు కొత్తగా భయాన్ని సృష్టించడం లేదు; కచేరీల ముందు మనం కూడబెట్టుకున్న భయాన్ని వాడుకుంటున్నాడు. ప్రజలకు వారి భాషలో, మర్యాదగా, కారణం చెప్పి మాట్లాడే అలవాటు మన కార్యాలయాలకు ఉండి ఉంటే దొంగ గొంతు వినగానే తేడా తెలిసేది. సైబర్ భద్రత గురించి జరిగే సభలలో ఈ మాట ఎవరూ అనకపోవడం విచారకరం.

అయితే ఈ బలహీనతలోనే ఒక రక్షణ కూడా దాగి ఉన్నది. సరిహద్దు కుటుంబాలలో భాష రానప్పుడు పక్కవారిని పిలవడం నామోషీ కాదు. అవ్వకు తమిళం రాకపోతే మనుమరాలు చదివి చెబుతుంది. మామకు కన్నడం రాకపోతే అల్లుడు కచేరీకి తోడు వెళతాడు. ఫోనులో తెలియని గొంతు గద్దించినప్పుడు 'నాకు మీ భాష సరిగా రాదు, మా వాడిని పిలుస్తాను ఉండండి' అనే మాట మనకు సహజంగా వస్తుంది. వంచకుడు భరించలేనిది ఈ ఒక్క మాటనే. రెండవ మనిషి వచ్చాడంటే వాడి ఆట ముగిసినట్లే. నిజమైన అధికారికి రెండవ మనిషి వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు.

చట్టం చెప్పేది కూడా ఇదే కావడం విశేషం. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఎవరినైనా అరెస్టు చేస్తే ఆ సంగతిని వారి బంధువుకో మిత్రునికో తెలియజేయవలసిన బాధ్యత పోలీసులదే. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి పొందాలి. ఇరవై నాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలన్నది రాజ్యాంగమే చెప్పిన మాట. అంటే, అరెస్టు చేసినప్పుడు ఇంటివారికి చెప్పి తీరాలని చట్టం అంటుంటే, ఇంటివారికి చెప్పవద్దని దొంగ అంటున్నాడు. వేరే గుర్తులేవీ కంఠస్థం చేయనక్కరలేదు.

తెలుగులోనే మాట్లాడితే ఏమిటన్న సందేహం రావచ్చు. వస్తున్నారు కూడా. దీని వెనుక మరొక దుఃఖకరమైన కథ ఉన్నది. మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవై వేల మందిని, కంబోడియాలో సుమారు లక్ష మందిని నిర్బంధించి వారిచేత ఇటువంటి మోసాలు చేయిస్తున్నట్లు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో వెల్లడించింది. కంప్యూటరు ఉద్యోగమని నమ్మించి తీసుకువెళ్లడం, పాస్‌పోర్టు లాక్కోవడం, చెప్పిన లెక్క ప్రకారం డబ్బు రాబట్టకపోతే కొట్టడం అక్కడి పద్ధతి. భారతీయులను మోసగించడానికి భారతీయులనే కూర్చోబెడతారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఈ విధంగా యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను అరెస్టు చేశారు. అక్కడ చిక్కుకున్న మన ఉత్తరాంధ్ర పిల్లలు కొందరు తిరుగుబాటు చేసి ఇంటికి చేరారు. ఫోనుకు అటువైపు ఉన్నది దెబ్బలకు భయపడిన మరొక తెలుగు బిడ్డ కావచ్చు. ఇటు భయమే, అటు భయమే.

ఊళ్లోనే జరిగే తప్పు ఇంకొకటి ఉన్నది. దానిని మనం తప్పుగా లెక్కించడం లేదు. మోసం చేసిన సొమ్ము ఎవరో ఒకరి బ్యాంకు ఖాతాలోకి రావాలి కదా. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రవాడిని స్నేహితుని స్నేహితుడు పలకరించి, 'నీ పేరిట ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ము నాకు ఇయ్యి, నెలకు ఇంత ఇస్తాను' అంటాడు. నేను ఎవరినీ మోసం చేయలేదు, ఖాతా మాత్రమే ఇచ్చాను అని ఆ పిల్లవాడు తన మనసుకు చెప్పుకుంటాడు. మిల్‌గ్రామ్ ఈ సంగతినీ పరీక్షించాడు. మీట తాను నొక్కకుండా, వేరొకరు నొక్కుతుంటే పక్కన ఏదో చిన్న పని చేసే పాత్ర అప్పగించినప్పుడు, నలభై మందిలో 37 మంది చివరివరకు ఉండిపోయారు. పాపాన్ని ముక్కలు చేసి పంచితే ఎవరి వాటా వారికి బరువనిపించదు. పోలీసులు మాత్రం మొదట వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారుని ఇంటికే. అసలు దొంగ మరో దేశంలో ఉంటాడు. ఖాతా స్తంభించి, కేసులో పేరెక్కి, కొలువు వేటలో తిరగవలసిన పిల్లవాడు పరాయి రాష్ట్రం కోర్టు చుట్టూ తిరుగుతాడు. ఆడపిల్ల పెళ్లికి నాలుగు ఊళ్లు విచారించే తల్లిదండ్రులు కొడుకు ఖాతా ఎవరి చేతిలో ఉన్నదో కూడా విచారించాలి.

ఇక మోసపోయిన తరువాతి దశ. ఇక్కడ సిగ్గు రంగంలోకి దిగుతుంది. నలుగురిలో నవ్వులపాలవుతామని, కోడలి ముందు చులకన అవుతామని, కొడుకు కోప్పడతాడని పెద్దలు రెండు మూడు రోజులు నోరు మెదపరు. ఆ రెండు రోజులే దొంగకు కావలసినవి. సొమ్ము నిమిషాలలో ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు, అక్కడినుండి పది ఖాతాలకు పాకుతుంది. మొదటి గంటలలో ఫిర్యాదు అందితే దారిలో ఉన్న సొమ్మును బ్యాంకులు నిలిపివేయగల ఏర్పాటు 2021 నుండి ఉన్నది. కనుక ఇంట్లో పెద్దవారు జరిగింది చెప్పినప్పుడు మొదటి మాట 'బుద్ధి లేదా' అన్నది కారాదు. ఆ మాట భయంతో రెండవసారి చెప్పవలసిన సంగతి కూడా లోపలే ఉండిపోతుంది.

ఫిర్యాదుకు సంఖ్య 1930. దేశమంతటికీ ఇదే సంఖ్య. హోం మంత్రిత్వ శాఖ సైబర్ క్రైం పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. ఫోను చేసేటప్పుడు మీ ఖాతా ఉన్న బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య, సొమ్ము పోయిన సమయం, బ్యాంకు పంపిన సందేశంలోని లావాదేవీ సంఖ్య దగ్గర పెట్టుకోవాలి. ఇవన్నీ అంకెలే, ఏ భాషవారికైనా చదివి వినిపించవచ్చు. మోసగాడి సందేశాలను కోపంతో చెరిపివేయరాదు.

సరిహద్దువారికి ఎదురయ్యే చిక్కు వేరొకటి ఉన్నది. ఇల్లు కర్ణాటకలో, ఖాతా హిందూపురం బ్యాంకులో, సిమ్ము ఆంధ్ర చిరునామాతో. ఇది మా పరిధి కాదు, అక్కడికి వెళ్లండి అనే మాట వినవలసి రావచ్చు. కొత్త సంహితలోని 173వ విభాగం ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా, విచారణార్హమైన నేరమైతే ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీనినే 'జీరో ఎఫ్.ఐ.ఆర్.' అంటారు. నమోదు చేసిన తరువాత సంబంధిత ఠాణాకు పంపుకోవలసింది పోలీసులే. నమోదైన సమాచారం నకలు ఉచితంగా పొందే హక్కు ఫిర్యాదుదారుకు ఉన్నది. ఠాణాలో నమోదుకు నిరాకరిస్తే అదే సమాచారాన్ని రాతపూర్వకంగా జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు పోస్టులో పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆ అర్జీని కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో రాసిపెట్టే మనిషి ప్రతి ఊరిలోనూ ఒకరుంటారు. బడిలో అడిగినా దొరుకుతారు.